శామ్యూల్ మోర్స్: కుంచె వదిలి తీగ పట్టిన మనిషి

కంప్యూటర్ నెట్‌వర్కుల సంగతి మన వయసు వాళ్ళకు బోధపడేటట్టు రాసి ఇమ్మని ఈ ప్రత్యేక సంచిక కోసం కార్యదర్శిగారు అడిగారు. నేను తంతి శాఖలో కీ నొక్కి పొట్టపోసుకున్నవాణ్ణి. కంప్యూటర్ చదువు చదువుకోలేదు. మా మనుమడు గోడకు బిగించిన వైఫై పెట్టె చూపించి అది చేసే పని వివరించినప్పుడు మాత్రం, వాడు చెబుతున్నదంతా మనం తారాఫీసులో చేసిన పనే కదా అనిపించింది. అందుచేత నాకు తెలిసిన దారినే వస్తాను. మన టెలిగ్రాఫిస్టులందరం ఎవరి పేరు చెప్పుకుని బతికామో ఆ మనిషి కథ చెబుతాను. నెట్‌వర్కు సంగతి అందులోనే ఉంది.

శామ్యూల్ ఫిన్లీ బ్రీజ్ మోర్స్ 1791 ఏప్రిల్ 27న అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రంలోని చార్ల్స్‌టౌన్‌లో పుట్టాడు. తండ్రి చర్చి బోధకుడు, భూగోళ పాఠ్యపుస్తకాలు రాసి పేరుపొందినవాడు. కొడుకు యేల్ కళాశాలలో 1810లో పట్టం పుచ్చుకున్నాడు. అక్కడ విద్యుత్తు మీద ఉపన్యాసాలు విన్నాడుగాని మనసంతా బొమ్మల మీదే. 1811లో లండన్ వెళ్ళి రాయల్ అకాడమీలో చిత్రకళ నేర్చుకుని, 1815లో తిరిగి వచ్చాడు. మోర్స్ అంటే మనకు చుక్కలూ గీతలే గుర్తుకొస్తాయి. కాని నలభై దాటేవరకు ఆయన చిత్రకారుడే. 1826లో న్యూయార్కులో నేషనల్ అకాడమీ ఆఫ్ డిజైన్ స్థాపించినవాళ్ళలో ముఖ్యుడు, దానికి మొదటి అధ్యక్షుడు కూడా.

1825 ఫిబ్రవరిలో ఆయన వాషింగ్టన్‌లో ఉన్నాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఫ్రెంచి వీరుడు లఫాయెట్ చిత్రపటం వేసే పని న్యూయార్కు నగరం ఆయనకు అప్పగించింది. అప్పులతో వేసారిన కుటుంబానికి అది పెద్ద అవకాశం. భార్య లుక్రీషియా న్యూ హేవెన్‌లో అత్తమామల దగ్గర ఉంది. మూడో బిడ్డను కని నెల రోజులైంది. ఫిబ్రవరి 7న హఠాత్తుగా చనిపోయింది. ఆమెకు పాతికేళ్ళు. ఆ సంగతి తెలియక మోర్స్ అక్కడి విశేషాలతో ఆమెకే ఉత్తరం రాస్తున్నాడు. తండ్రి రాసిన ఉత్తరం గుర్రపు బండి తపాలాలో వచ్చి చేతికి అందేసరికి రోజులు గడిచాయి. బొమ్మ సగంలో వదిలి పరుగున వెళ్ళాడు. ఆయన ఇల్లు చేరేసరికి భార్యను సమాధి చేసేశారు.

ఈ దుఃఖంలోనే టెలిగ్రాఫు ఆలోచన పుట్టిందని చాలామంది రాస్తారు. నాకంత నమ్మకం లేదు. ఆ ఆలోచన ఆయనకు వచ్చింది ఇంకో ఏడేళ్ళకు. అయినా, మరణవార్త తెచ్చే తంతిని మిగతా వాటికంటే ముందు వరసలో పెట్టి పంపిన మన చేతులకు, ఆ ఉత్తరం ఆలస్యం ఎంత బరువైందో వేరే చెప్పాలా?

1832 అక్టోబరులో మోర్స్ ఐరోపా నుంచి సల్లీ అనే నౌకలో తిరిగి వస్తున్నాడు. తోటి ప్రయాణికుల్లో బోస్టన్‌కు చెందిన డాక్టర్ చార్ల్స్ జాక్సన్ ఉన్నాడు. భోజనాల బల్ల దగ్గర మాటల మధ్య విద్యుదయస్కాంతం ప్రస్తావన వచ్చింది. ఇనుప ముక్క చుట్టూ తీగ చుట్టి కరెంటు పంపితే అది అయస్కాంతమవుతుంది, ఆపితే మామూలు ఇనుమవుతుంది. తీగ పొడవు ఎంతున్నా కరెంటు రెప్పపాటులో పారుతుందని విన్నాక మోర్స్‌కు నిద్ర పట్టలేదు. కరెంటు ఉండడం, లేకపోవడం, ఈ రెండింటితోనే వార్త రాయవచ్చు కదా అనుకున్నాడు. నౌక దిగేలోగా నోటు పుస్తకం నిండా బొమ్మలు గీశాడు.

ఆ ఆలోచన అప్పటికే ఇతరులకూ వచ్చిందని ఆయనకు తెలియదు. ఇంగ్లండులో కుక్, వీట్‌స్టన్ సూదులు తిరిగే టెలిగ్రాఫుకు 1837లో పేటెంటు తీసుకున్నారు. మన దేశంలో 1839లోనే ఓషాగ్నెస్సీ అనే డాక్టరు కలకత్తా దగ్గర స్వయంగా తీగలు కట్టి ప్రయోగం చేశాడు. ఒక్కో పని ఒక్కరి తలలోనే పుడుతుందనుకోవడం మన భ్రమ.

న్యూయార్కు విశ్వవిద్యాలయంలో మోర్స్‌కు చిత్రకళ ఆచార్య పదవి ఉండేది. జీతం లేదు, శిష్యులు ఇచ్చే రుసుమే ఆధారం. ఉన్న గదిలోనే వండుకుని, అక్కడే పడుకుని, కాన్వాసు బిగించే చెక్క చట్రంతోనే మొదటి యంత్రం చేశాడు. అందులో ఒక పెన్సిలు వేలాడుతూ, గడియారపు చక్రాలతో కదిలే కాగితం పట్టీ మీద గీతలు పెడుతుంది. మొదట్లో అక్షరాలు పంపాలనే ఊహే లేదు. ప్రతి మాటకూ ఒక అంకె వేసి పెద్ద నిఘంటువు తయారుచేశాడు. అంకె పంపితే అవతలివాడు పుస్తకం తిరగేసి మాట చూసుకోవాలి. మన గ్రీటింగ్ టెలిగ్రాములు గుర్తున్నాయా? పెళ్ళికొకటి, పండక్కొకటి అని శుభాకాంక్షలకు నంబర్లు ఉండేవి, మనం నంబరు మాత్రమే పంపేవాళ్ళం. అదీ ఆ పద్ధతే. తర్వాత అక్షరానికొక గుర్తు చొప్పున చుక్క, గీతల వర్ణమాల వచ్చింది. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే 'ఇ'కి ఒక్క చుక్క, 'టి'కి ఒక్క గీత, అరుదుగా వాడే వాటికి పొడుగు గుర్తులు.

కంప్యూటర్ చేసేదీ ఇంతే. దానికి తెలిసింది సున్నా, ఒకటి. కరెంటు లేదు, ఉంది. అలాంటి ఎనిమిది గుర్తులను ఒక కట్టగా కడితే దాన్ని బైట్ అంటారు. అక్షరమైనా, మనవరాలి ఫొటో అయినా, అమెరికాలో ఉన్న కొడుకు గొంతైనా ముందు ఈ సున్నాలూ ఒకట్లూగా మారాలి. ఆ తర్వాతే తీగ ఎక్కుతుంది. ఒక్క తేడా ఉంది. మోర్స్ గుర్తులు హెచ్చుతగ్గులుగా ఉండి, మధ్య ఖాళీలు చెవితో పట్టుకోవాలి. యంత్రానికి చెవి లేదు కనుక దానికి అన్నీ సమానమైన కట్టలైతే సుళువు.

అసలు చిక్కు మరోచోట వచ్చింది. మోర్స్ యంత్రం గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు, అంటే సుమారు 40 అడుగులు, పనిచేసేది. అంతకంటే దూరమైతే కరెంటు నీరసపడి అయస్కాంతం కదలదు. ఆయనకు శాస్త్రజ్ఞానం తక్కువ. అదే విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెప్పే లెనార్డ్ గేల్ వచ్చి చూసి, జోసెఫ్ హెన్రీ 1831లో అచ్చువేసిన వ్యాసం చూపించాడు. హెన్రీ ఆల్బనీలో మైలు పొడవు తీగ అవతల గంట మోగించినవాడు. బ్యాటరీలో గదులు పెంచి, అయస్కాంతానికి తీగ చుట్లు వందలుగా పెంచాలన్నది అందులోని కిటుకు. అలా చేయగానే 40 అడుగులు వంద అయ్యాయి, వెయ్యి అయ్యాయి, పది మైళ్ళయ్యాయి.

పది మైళ్ళ తర్వాత ఏమిటి? దానికి జవాబు రిలే. నెట్‌వర్కు మొత్తంలో అర్థం చేసుకోవలసింది ఇదొక్కటేనని నా అభిప్రాయం. అలసిన కరెంటు చేత బరువు పని చేయించకూడదు. ఒక చిన్న ఇనుప రేకును కదిలించేంత పని మాత్రం చేయించాలి. ఆ రేకు తాకగానే రెండో తీగకు, దాని సొంత బ్యాటరీతో, సరికొత్త కరెంటు పారుతుంది. చుక్క వస్తే కొత్త చుక్క, గీత వస్తే కొత్త గీత. పూర్వం తపాలా మోసే బంట్రోతు తన అంచె దాకా పరుగెత్తి, అలసట తీరిన మరో బంట్రోతుకు సంచి అందించేవాడు కదా. సంచి అదే, కాళ్ళు వేరు. మన భాషలో అంచె అంటే ఇదే.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వినపడలేదని గట్టిగా అరవడం వేరు, విన్నమాటను మరొకడు మళ్ళీ మొదటినుంచి స్పష్టంగా పలకడం వేరు. అరిస్తే మాటతోబాటు గోల కూడా పెరుగుతుంది. మళ్ళీ పలికితే గోల అక్కడే ఆగిపోతుంది. ఉన్నది చుక్కా గీతా రెండే కనుక, వచ్చింది ఏదో తేల్చుకుంటే చాలు, దాన్ని కొత్తదిగా పంపవచ్చు. ఎన్ని అంచెలు దాటినా చివర చేరేది మొదట పంపినదే. మా ఇంట్లో ఉన్న పెట్టె, దాని అవతల కంపెనీవాళ్ళ పెట్టె, దాని అవతల మరొకటి, ఇలా రౌటర్లన్నీ వచ్చినదాన్ని చదివి, కొత్తగా ముందుకు పంపుతూ ఉంటాయి.

1837 సెప్టెంబరులో విశ్వవిద్యాలయంలో ప్రదర్శన చూసి ముచ్చటపడ్డ కుర్రవాడు ఆల్‌ఫ్రెడ్ వెయిల్. తండ్రికి న్యూజెర్సీలో మోరిస్‌టౌన్ దగ్గర స్పీడ్‌వెల్ ఇనుప కార్ఖానా ఉంది. తండ్రి డబ్బు, కొడుకు పనితనం కలిశాయి. చిత్రపటం చట్రం పోయి, ఇత్తడి యంత్రం వచ్చింది. 1838 జనవరి 6న స్పీడ్‌వెల్‌లో రెండు మైళ్ళ తీగ మీద అది పనిచేసింది. వర్ణమాల కట్టడంలో వెయిల్ పాలెంత అన్నది నేటికీ తేలని వాదన. అతను పత్రికాఫీసుకు వెళ్ళి, అచ్చు గళ్ళలో ఏ అక్షరం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి వచ్చాడని చెబుతారు. ఒప్పందం ప్రకారం అతను చేసే మార్పులన్నీ మోర్స్ పేరు మీదే నమోదవుతాయి. మనలో పైఅధికారి పేరుతో నోట్లు తయారుచేసిపెట్టినవాళ్ళకు ఇది కొత్త కాదు.

తర్వాత ఐదేళ్ళూ మోర్స్ ప్రభుత్వం చుట్టూ తిరిగాడు. 1843 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభలో 30,000 డాలర్ల బిల్లు చర్చకు వస్తే, కేవ్ జాన్సన్ అనే సభ్యుడు అందులో సగం మెస్మెరిజానికి ఇవ్వాలని ఎగతాళి చేశాడు. బిల్లు 89-83 ఓట్లతో గట్టెక్కింది. మార్చి 3న సమావేశాల చివరిరోజున సెనేటు కూడా ఒప్పుకుంది.

వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్ సుమారు 40 మైళ్ళు. తీగను సీసపు గొట్టంలో పెట్టి పాతిపెట్టాలనుకున్నారు. కొన్ని మైళ్ళు పాతాక చూస్తే తీగ తొడుగు చెడి కరెంటు భూమిలోకి పోతోంది. డబ్బులో చాలా భాగం అప్పటికే అయిపోయింది. పని ఆపితే పత్రికలకు తెలిసిపోతుంది. కందకం తవ్వే నాగలిని నడుపుతున్న ఎజ్రా కార్నెల్ దాన్ని కావాలనే బండకేసి కొట్టి విరగ్గొట్టాడు. నాగలి విరిగి పని ఆగిందని పత్రికలు రాశాయి. తర్వాత గొట్టాలు వదిలేసి స్తంభాలు పాతారు. మనం చూసిన తంతి స్తంభాల వరస అక్కడ గత్యంతరం లేక వచ్చినదే. ఈ కార్నెల్ తర్వాత కోటీశ్వరుడై, తన పేరుతో విశ్వవిద్యాలయం పెట్టాడు.

1844 మే 1న లైను ఇంకా బాల్టిమోర్ చేరలేదు, మధ్యలో అనాపొలిస్ జంక్షన్ దాకే వచ్చింది. ఆరోజు బాల్టిమోర్ పార్టీ మహాసభలో హెన్రీ క్లేను అధ్యక్ష అభ్యర్థిగా ఎన్నుకున్నారు. వార్త రైల్లో జంక్షన్ దాకా వచ్చింది, వెయిల్ విని తీగమీద వాషింగ్టన్‌కు పంపాడు. రైలు వాషింగ్టన్ చేరి ప్రయాణికులు గొప్పగా చెప్పబోతే, ఊరికి ముందే తెలుసు. వార్త సగం దూరం చక్రాల మీద, సగం తీగ మీద నడిచిందన్నమాట. ఈనాడు మన సందేశం ఇంట్లో గాలిలో, వీధిలో గాజు తీగలో, సముద్రం అడుగున మరో తీగలో నడుస్తుంది. ప్రతి మలుపులో ఒక వెయిల్ ఉండి అందుకుని, మరో దారిలో ఎక్కిస్తే చాలు.

మే 24న లైను పూర్తయింది. వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టు గదిలో మోర్స్ కూర్చుని, పేటెంటు కమిషనర్ కుమార్తె యానీ ఎల్స్‌వర్త్ ఎంచి ఇచ్చిన బైబిలు వాక్యాన్ని పంపాడు. ఆ వాక్యం అందరికీ తెలుసు. తర్వాత జరిగింది ఎవరూ చెప్పుకోరు. బాల్టిమోర్ రైల్వే డిపోలో ఉన్న వెయిల్ ఆ వాక్యాన్ని అలాగే తిరిగి పంపాడు. అది వచ్చాకే అందినట్టు రుజువైంది. మనం టెలిగ్రాము తలకట్టులో మాటల సంఖ్య వేసేవాళ్ళం. అవతలివాడు లెక్కపెట్టుకుని, తక్కువైతే మళ్ళీ పంపమని అడిగేవాడు. కంప్యూటర్లూ అంతే. అందిందని జవాబు రాకపోతే మళ్ళీ పంపుతాయి. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు, తర్వాత ఇంటర్నెట్‌కు దారితీసిన నెట్‌వర్కు మీద తొలి మాట పంపినప్పుడు, ఇద్దరు కుర్రవాళ్ళు ఒక్కో అక్షరానికీ చేరిందా లేదా అని టెలిఫోనులో అడుగుతూ కూర్చున్నారు. 'లాగిన్' అనే మాటలో రెండు అక్షరాలు చేరాయి, యంత్రం చతికిలబడింది. కాసేపటికి బాగుచేసి మళ్ళీ పంపారు.

తంతికీ నేటి నెట్‌వర్కుకూ ఉన్న ముఖ్యమైన తేడా ఇక్కడే చెప్పాలి. పత్రికవాళ్ళ పెద్ద తంతి ఒకటి తీగ ఎక్కితే, వెనక ఉన్న చిన్న తంతులు వేచి ఉండేవి. 1960లలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవీస్ ఒకరికొకరు తెలియకుండానే ఒకే ఉపాయం ఆలోచించారు. పెద్ద సందేశాన్ని చిన్న పొట్లాలుగా కట్టి, ప్రతి పొట్లం మీద పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా, వరస సంఖ్య వేయడం. వాటికి ప్యాకెట్ అన్న పేరు డేవీస్ పెట్టాడు. ఒకే తీగ మీద అందరి పొట్లాలూ కలిసి నడుస్తాయి. రౌటరు చిరునామా చూసి తర్వాతి అంచెకు తోస్తుంది, మొత్తం దారి దానికి తెలియనక్కరలేదు. ఒక దారి మూసుకుపోతే పొట్లాలు ఇంకో దారిన పోతాయి. చివరికి ముందు వెనకలుగా చేరినవాటిని సంఖ్య ప్రకారం పేర్చుకుంటారు, తప్పిపోయినదాన్ని మళ్ళీ తెప్పించుకుంటారు.

సరే, మోర్స్ దగ్గరికి వద్దాం. 1845 ఏప్రిల్‌లో ఆ లైనును తపాలా శాఖ కింద పెట్టి రుసుము వసూలు మొదలుపెట్టారు. నాలుగు అక్షరాలకు ఒక సెంటు. మొదటి నాలుగు రోజుల రాబడి మొత్తం ఒక్క సెంటు. మోర్స్ బృందం లక్ష డాలర్లకు హక్కులు ప్రభుత్వానికే ఇస్తామంది. అప్పటికి తపాలా శాఖాధిపతి ఎవరనుకున్నారు? మెస్మెరిజం ఎగతాళి చేసిన కేవ్ జాన్సనే. ఇది ఖర్చుకు సరిపడే వ్యాపారం కాదని ఆయన నివేదించాడు. అలా అమెరికాలో టెలిగ్రాఫు ప్రైవేటు కంపెనీల చేతికి పోయింది, మోర్స్ ధనికుడయ్యాడు.

డబ్బుతోబాటు వ్యాజ్యాలు వచ్చాయి. సల్లీ నౌకలో మాట్లాడిన జాక్సన్ అసలు కనిపెట్టింది తానేనన్నాడు. 1854లో సుప్రీంకోర్టు మోర్స్ పేటెంటును సమర్థించింది గాని, విద్యుత్తుతో దూరానికి రాయడమనే సూత్రమంతా తనదేనన్న కోరికను కొట్టేసింది. నా దృష్టిలో అది మంచి తీర్పు. ఇక్కడ బాధ కలిగించే సంగతి ఒకటుంది. ఆ వ్యాజ్యాల్లో హెన్రీ సాక్ష్యం చెప్పవలసివచ్చింది. 1842లో మోర్స్‌కు ప్రోత్సాహంగా ఉత్తరం రాసి సాయపడినవాడు ఆయన. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. దానికి మోర్స్ 1855లో ఒక పుస్తకమే అచ్చువేసి, హెన్రీ వల్ల తనకు ఒరిగిందేమీ లేదని వాదించాడు. హెన్రీ పనిచేసే స్మిత్‌సోనియన్ సంస్థ పాలకవర్గం 1857లో విచారించి హెన్రీ మాటే సరైనదంది. వెయిల్ సంగతి చూడండి. లైన్ల పర్యవేక్షకుడిగా చాలీచాలని జీతం మీద పనిచేసి, 1848లో విసిగి మోరిస్‌టౌన్ వెళ్ళిపోయాడు. 1859లో యాభై ఒకటో ఏట చనిపోయాడు. గేల్, హెన్రీ, వెయిల్, ఇన్ని అంచెల మీదుగా వచ్చిన పనికి చివర ఒక్క పేరే మిగిలింది.

ఇంకో మాట దాచకూడదు. మోర్స్ బానిసత్వాన్ని సమర్థించాడు, కాథలిక్కులూ వలస వచ్చినవాళ్ళూ దేశానికి చేటని పుస్తకాలు రాశాడు, ఆ వాదంతోనే 1836లో న్యూయార్కు మేయరు పదవికి పోటీచేసి ఓడాడు. ఊళ్ళను కలిపే తీగ కట్టినవాడికి మనుషుల మధ్య గోడలంటే అంత ఇష్టం ఎందుకో నాకు అంతుపట్టలేదు.

మనం నేర్చిన మోర్స్ కూడా అచ్చంగా ఆయనది కాదు. 1848లో జర్మనీలో గెర్కే అనే ఆయన సవరించగా, 1865లో పారిస్‌లో దేశాలన్నీ కూర్చుని ఒప్పుకున్న రూపానికి అది దగ్గరి చుట్టం. ఆ సమావేశంలో పుట్టిన అంతర్జాతీయ టెలిగ్రాఫ్ యూనియనే నేటి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్. అందరూ ఒకే పద్ధతికి కట్టుబడనిదే ఏ తీగా పనికిరాదు. కంప్యూటర్లకు ఆ ఒప్పందం పేరు టి.సి.పి./ఐ.పి. అమెరికా నెట్‌వర్కు 1983 జనవరి 1న దానికి మారింది. మన దేశంలో ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న ప్రజలకు అందింది. తంతి సేవ 2013 జూలై 15 నుంచి నిలిచిపోయింది.

1871 జూన్ 10న న్యూయార్కు సెంట్రల్ పార్కులో మోర్స్ విగ్రహం ఆవిష్కరించారు. దానికి డబ్బు ఇచ్చింది టెలిగ్రాఫిస్టులు, తలా కొంచెం వేసుకుని. ఆ రాత్రి సభలో ఒక అమ్మాయి కీ మీద వీడ్కోలు సందేశం పంపింది. సంతకం చేయడానికి ఎనభయ్యేళ్ళ మోర్స్‌ను కూర్చోబెట్టారు. దేశంలో లైన్లన్నీ ఆ కీకి కలిపి ఉంచారు. ఆయన తన పేరు తానే నొక్కాడు. 1872 ఏప్రిల్ 2న న్యూయార్కులో చనిపోయాడు. బ్రూక్లిన్‌లోని గ్రీన్‌వుడ్ శ్మశానంలో సమాధి చేశారు. వెయిల్ సమాధి మోరిస్‌టౌన్‌లో ఉంది, ఆ రెండు మైళ్ళ తీగ కట్టిన కార్ఖానాకు దగ్గరలోనే.